రహస్యజీవి మ్యూ: శ్రమ, సరుకు, పుకారు

1

పిల్లలు చేతిలో పట్టుకుని ఆడే ఆటలోని ఒక బొమ్మను గూర్చి మన పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడుగుతారని నాకు తెలుసు. వారి ఆక్షేపణ అర్థం లేనిది కాదు. చర్చించవలసిన సమస్యలు ఇన్ని ఉండగా ఈ పుటలను ఇటువంటి విషయానికి వినియోగించడానికి కారణం చూపవలసిన బాధ్యత వ్రాసేవానిదే. కనుక ముందుగా ఆ కారణం చెప్పుకుంటాను.

కిందటి సంవత్సరం డిగ్రీ విద్యార్థులకు జానపద సాహిత్య లక్షణాలను గూర్చి పాఠం చెబుతున్నాను. కర్త తెలియకపోవడం, నోటినుండి నోటికి ప్రాకడం, ప్రాకిన ప్రతి చోటా రూపం మార్చుకోవడం అన్న లక్షణాలను వివరిస్తూ, యంత్రయుగంలో కూడ ఇటువంటి కథలు పుడతాయనడానికి ఉదాహరణగా పోకెమాన్ ఆటలోని లారీ కథను చెప్పాను. ఆ లారీ కింద మ్యూ అనే రహస్యజీవి దాగి ఉన్నదని లక్షలాది పిల్లలు నమ్మారు. "లారీ కింద ఏమీ లేదు. లాభం కోసం కంపెనీలు సృష్టించే మోజు పిల్లల మనస్సులలో ఎటువంటి మిథ్యా చైతన్యాన్ని కలిగిస్తుందో దీనివలన తెలుస్తున్నది" అని ముగించాను. ముగింపు బాగానే ఉన్నదని నాకు తోచింది కూడ. అప్పుడు వెనుక బల్లనుంచి ఒక విద్యార్థిని లేచి, "లారీ కింద లేదు, సరేనండి. కాని ఆట లోపల ఉన్నది గదా సార్?" అన్నది.

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ అమ్మాయి చెప్పింది నిజం. జీవి లోపల ఉన్నది. పిల్లలు చోటు విషయంలో పొరబడ్డారే గాని అసలు విషయంలో పొరబడలేదు. ప్రజల మాటను మిథ్య అని కొట్టివేసే ముందు, ఆ మాటలో ఎంత పాలు నిజమో పరిశీలించడం మన విమర్శకు మొదటి ధర్మం. ఆ ధర్మాన్ని నేను పాటించలేదు. మ్యూ చరిత్రను మొదటినుంచి పరిశీలించి ఆ విద్యార్థిని ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాస ప్రయోజనం.

2

పోకెమాన్ ఆట మొదటి రెండు రూపాలు ఎరుపు, ఆకుపచ్చ అనే పేర్లతో 1996 ఫిబ్రవరి 27న జపానులో విడుదలైనవి. నింటెండో కంపెనీ 1989లో అంగట్లోకి తెచ్చిన గేమ్‌బాయ్ అనే చిన్న యంత్రంలో ఈ ఆట కాట్రిడ్జిని దూర్చి ఆడాలి. ఆటగాడు ఊరూరా తిరుగుతూ, గడ్డిలోను, గుహలలోను, నీళ్ళలోను సంచరించే వింతజీవులను పట్టుకుని, పెంచి, పోటీలకు దింపి, జీవుల పట్టికను పూర్తి చేయాలి. ఆటగాళ్ళకు ప్రకటించిన జీవులు 150. ఈ మొత్తం ఏ ఒక్క కాట్రిడ్జిలోను దొరకదు. ఎరుపు ఆటలో దొరికేవి కొన్ని ఆకుపచ్చ ఆటలో దొరకవు. అందులోవి ఇందులో దొరకవు. రెండు యంత్రాలను తీగతో కలిపి, స్నేహితునితో మార్పిడి చేసుకోవాలి. ఒంటరిగా ఆడేవానికి పట్టిక పూర్తి కాదన్నమాట.

ఈ ఆటకు మూలపురుషుడు సతోషి తజిరి. 1965లో పుట్టిన ఇతడు టోక్యో నగరపు అంచున ఉన్న మచిదాలో పెరిగాడు. చిన్నతనంలో చెరువుగట్ల వెంట, చెట్ల కింద పురుగులను పట్టడం అతని అలవాటు. యుద్ధానంతర జపానులో పెట్టుబడి వేగంగా విస్తరించిన కాలమది. నగరం పెరిగి, పొలాలను చెరువులను మింగివేసింది. పురుగులు పోయినవి, వాటితోపాటు వాటిని పట్టే ఆట కూడ పోయింది. నేలమీద పోయినదానిని తెరమీద తిరిగి నిర్మించాలన్న కోరికే పోకెమాన్‌కు బీజమని తజిరి స్వయంగా చెప్పుకున్నాడు. నగరీకరణ ఒక తరం బాల్యంనుంచి తీసుకున్నదే తరువాతి తరానికి సరుకుగా తిరిగి వచ్చిందని మనం గ్రహించాలి. అయితే ఆ తిరిగి రాకలో ఒక మనిషి జ్ఞాపకం, వేదన కూడ ఉన్నవని మరువరాదు.

గమనించవలసిన మరొక విషయం ఉన్నది. 1983లో తజిరి గేమ్ ఫ్రీక్ అనే పేరుతో ఒక చిన్న పత్రిక నడిపాడు. తొలి సంచికలను చేతితో వ్రాసి, కాగితాలు కలిపి కుట్టి పంచాడు. అంగళ్ళలో డబ్బులు వేసి ఆడే వీడియో ఆటల కిటుకులు, వాటిలో దాగి ఉన్న విశేషాలు ఆ పత్రికలోని ముఖ్య విషయాలు. ఆ పత్రికకు బొమ్మలు వేసిన కెన్ సుగిమోరి తరువాత పోకెమాన్ జీవుల రూపశిల్పి అయినాడు. 1989లో ఆ పత్రిక పేరుతోనే కంపెనీ ఏర్పడింది. అనగా ఈ ఆటను చేసినవారు, ఆటలోని రహస్యాన్ని కనిపెట్టి నలుగురికీ చెప్పడమే ఆనందంగా భావించే యువకుల బృందంనుంచి వచ్చినవారు. చిన్న పత్రికల వలన ఎటువంటి బంధాలు ఏర్పడతాయో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కర లేదు. మ్యూ కథలో పంచుకునే రహస్యం ఎట్లా అమ్ముకునే రహస్యంగా మారిందో తెలియాలంటే ఈ పునాది గుర్తుంచుకోవాలి.

3

ఎరుపు, ఆకుపచ్చ ఆటల కాట్రిడ్జిలలో ఒక్కొక్కదాని నిలువసామర్థ్యం 512 కిలోబైట్లు. ఊళ్ళు, దారులు, పాటలు, 150 జీవుల బొమ్మలు, వాటి లక్షణాలు, పాత్రల సంభాషణలు అన్నీ అంతలోనే ఇమడాలి. నిర్మాణం ముగిసేసరికి కాట్రిడ్జి నిండిపోయింది. ఆటను పరీక్షించడానికి ప్రోగ్రామర్లు ఏర్పాటు చేసుకున్న ఉపకరణాలను చివరలో తొలగించగా సుమారు 300 బైట్ల చోటు మిగిలింది. ఇల్లు పూర్తయినాక సారవ కర్రలు విప్పితే గోడవారగా మిగిలిన జానెడు జాగా వంటిది అది. మొత్తంలో అది 1,700 వంతులలో ఒక వంతు కూడ కాదు. నేటి కంప్యూటర్లలో ఒక తెలుగు అక్షర సంకేతానికి సాధారణంగా 3 బైట్లు పడుతుంది. ఆ లెక్కన 300 బైట్లలో 100 సంకేతాలు పడతాయి. ఒక సీసపద్యం ఇమడదు.

షిగెకి మోరిమొతో అనే ప్రోగ్రామరు ఆ జాగాలో మ్యూను పెట్టాడు. దాని రూపకల్పన కూడ అతనిదే. పరీక్షలు ముగిసిన దశలో ఆటను ముట్టుకోవడం ఎంత సాహసమో అతనికి తెలియక కాదు. 2009లో నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాతాతో జరిగిన సంభాషణలో మోరిమొతో ఈ సంగతి జ్ఞాపకం చేసుకుంటూ, నేటి రోజులలో అటువంటి పని ఊహించరానిదని ఒప్పుకున్నాడు. ఆటలోని ఇతర 150 జీవుల లక్షణాల పట్టిక ఒకే చోట వరుసగా ఉండగా, మ్యూ లక్షణాలు మాత్రం దానికి దూరంగా వేరొక చోట ఉన్నవి. ఊరు కట్టిన తరువాత వచ్చినవాని గుడిసె ఊరి బయట ఉండడం వంటిదే ఇది. ప్రోగ్రామును విప్పి చదివినవారికి, పుట్టుకలోని ఆ తొందర నేటికీ కనిపిస్తుంది.

ఇక్కడ మన విమర్శకు ఒక పాఠం ఉన్నది. పెట్టుబడిదారీ ఉత్పత్తిలో వచ్చిన ప్రతి వస్తువును లాభపు లెక్కతో మాత్రమే వివరించబూనడం మనలో కొందరికి అలవాటు. మ్యూను అట్లా వివరించలేము. ఏ అమ్మకపు ప్రణాళికలోను అది లేదు. పనిముట్లు తీసివేసిన చోట, పనివాడు తన కోసం, తన తోటివారి కోసం చేసుకున్న చిలిపి పని అది. దేవాలయ స్తంభం మీద, ఎవరూ తలయెత్తి చూడని మూలలో, శిల్పి తన ముచ్చట కోసం ఒక కోతిని చెక్కడం లేదా? శ్రమ అమ్ముడుపోయిన తరువాత కూడ శ్రామికునిలో అమ్ముడుపోని సృజన కొంత మిగిలే ఉంటుందన్న సత్యానికి మ్యూ పుట్టుక నిదర్శనం.

మ్యూ పేరు అప్పటికే ఆటలోని కథలో ఉన్నది. సిన్నబార్ దీవిలో పాడుపడిన ఒక భవనంలో కొన్ని దినచర్య పుటలు దొరుకుతాయి. దక్షిణ అమెరికాలోని గయానా అడవులలో జూలై 5న ఒక కొత్త జీవి కనబడినట్లు, జూలై 10న దానికి మ్యూ అని పేరు పెట్టినట్లు, తరువాత ఫిబ్రవరిలో అది మ్యూటూ అనే జీవికి జన్మనిచ్చినట్లు, ఆ రెండవ జీవి బలం శాస్త్రజ్ఞులకు లొంగరానిదైనట్లు వాటిలో ఉన్నది. గయానా పేరు మన పాఠకులకు కొత్తది కాదు. మద్రాసు రేవునుంచి అక్కడి చెరకుతోటలకు తరలిన కూలీలలో తెలుగువారు కూడ ఉన్నారు. 1953లో చెడ్డీ జగన్ నాయకత్వాన ఎన్నికైన ప్రభుత్వాన్ని బ్రిటిషు పాలకులు కూలదోసింది అక్కడనే. ఆట వ్రాసినవారికి ఈ చరిత్ర మనస్సులో ఉన్నదని నేననను. కాని దూరదేశపు అడవి, కనుగొనడం, పేరు పెట్టడం, ప్రయోగశాలకు తేవడం, చివరకు చేయి దాటిపోవడం అనే వరుస వలస చరిత్ర నేర్పిన వరుసయే. తల్లి అడవిలోనిది, దొరకదు. పిల్ల ప్రయోగశాలలోనిది, ఆట చివర గుహలో దొరుకుతుంది. మ్యూటూను పట్టిన ప్రతి బాలుడు ఆ తల్లి ఎక్కడ ఉన్నదని అడగక మానడు. పుకారుకు మొదటి విత్తనాన్ని ఆట తానే నాటింది.

4

మ్యూను పెట్టినవారు అది బయటపడుతుందని అనుకోలేదు. కాని ఆటలో ఉన్న ఒక దోషం వలన కొందరు ఆటగాళ్ళకు అది అనుకోకుండా ప్రత్యక్షమైంది. వార్త ప్రాకింది. దాచడం సాధ్యంకాని పరిస్థితిలో కంపెనీ ఒక నిర్ణయం తీసుకున్నది. విడుదలై మూడు నెలలు తిరగకముందే, కొరొకొరొ కామిక్ అనే పిల్లల పత్రికలో ఒక ప్రకటన వెలువడింది. దరఖాస్తు చేసుకున్నవారిలో 20 మందికి మ్యూను ఇస్తామన్నారు. 78,000 దరఖాస్తులు వచ్చినవి. 3,900 మందికి ఒక్కరు చొప్పున అదృష్టవంతులు.

దీని ఫలితాన్ని పోకెమాన్ వ్యవహారాలను నడిపిన త్సునెకజు ఇషిహరా అదే 2009 సంభాషణలో వివరించాడు. ఆ ప్రకటన తరువాత, అంతవరకు నెలకు అమ్ముడుపోయినన్ని కాట్రిడ్జిలు వారానికి అమ్ముడుపోవడం ప్రారంభమైంది. పిమ్మట అది మూడింతలు, నాలుగింతలు అయింది. అప్పటికి గేమ్‌బాయ్ ఏడేళ్ళ పాత యంత్రం. దాని పని అయిపోయిందనుకుంటున్న రోజులలో ఈ ఆట దానికి మళ్ళీ ప్రాణం పోసింది. ఒక ప్రోగ్రామరు చిలిపితనం అంగడి లెక్కను తారుమారు చేసింది.

ఈ ఘట్టంలో దాగి ఉన్న వైరుధ్యాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. బియ్యం కొరతగా ఉన్నదంటే పంట పండలేదనో, వర్తకుడు గోదాములో దాచాడనో అర్థం. మ్యూ విషయంలో ఈ రెండూ వర్తించవు. ఆట కొన్న ప్రతి బాలుని కాట్రిడ్జిలోను మ్యూ బొమ్మ ఉన్నది, దాని లక్షణాలున్నవి, పోరాడే శక్తులున్నవి. దాని ధర కాట్రిడ్జి ధరలోనే చెల్లిపోయింది. కొనుగోలుదారుని జేబులో ఉన్న వస్తువునే గోదాముగా చేసి, అందులోని సరుకును అతనికి అందకుండా ఉంచారు. 20 మందికి లభించినది జీవి కంటె, జీవిని పొందడానికి అనుమతి అనడం సబబు. ఇంకొక నకలు తయారు కావడానికి ఖర్చు దాదాపు లేని వస్తువుకు కొరత ఎక్కడిది? ప్రకృతిలో లేదు, ఉత్పత్తిలో లేదు. మనుష్యుల మధ్య ఉన్న సంబంధంలో మాత్రమే ఉన్నది. మనుష్యుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంగా కనపడుతుందని 1867లో మార్క్స్ సరుకును గూర్చి చేసిన సిద్ధాంతానికి, పాఠశాల విద్యార్థికి కూడ అర్థమయ్యే ఉదాహరణ ఇంతకంటె వేరొకటి నాకు తెలియదు.

అయితే ఈ కొరతను కుట్రగా చిత్రించడం కూడ తప్పే. ముందు చిలిపి పని జరిగింది, తరువాత దోషం బయటపెట్టింది, ఆ తరువాతనే అంగడి దానిని అందిపుచ్చుకున్నది. పెట్టుబడి ఎప్పుడూ ముందుగానే పన్నాగం పన్ని కూర్చోదు. ఎవరో ఆనందం కోసం చేసినదానిని గుర్తించి, తన లెక్కలో కలుపుకోవడంలోనే దాని నైపుణ్యం ఎక్కువగా కనబడుతుంది.

5

1998 సెప్టెంబరులో ఈ ఆట ఎరుపు, నీలం పేర్లతో అమెరికాలో విడుదలైంది. అక్కడి పిల్లలకు కూడ 151వ జీవిని గూర్చిన వార్త చేరింది. అయితే అది కంపెనీ జరిపే ప్రత్యేక సభలకు వెళ్ళగలిగినవారికే. మిగిలిన వారికి మార్గం ఏది? ఈ ప్రశ్ననుంచే లారీ కథ పుట్టింది.

ఆటలో వర్మిలియన్ అనే రేవుపట్టణం ఉన్నది. అక్కడ ఆన్ అనే పెద్ద ఓడ ఆగి ఉంటుంది. ఓడ కప్తానును కలుసుకుని, చెట్లను నరికే విద్య పొంది దిగిరాగానే ఓడ వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. కాని కొన్ని ఉపాయాలతో ఓడ వెళ్ళకుండా ఆపి, నీటిపై ప్రయాణించే విద్య సంపాదించిన తరువాత తిరిగివస్తే, రేవు పక్కన మామూలుగా ఎవరూ చూడని ఒక నేల ముక్క కనబడుతుంది. దాని మీద ఒక లారీ నిలిచి ఉంటుంది. ఆట మొత్తంలో మరెక్కడా లారీ లేదు. అది ఎందుకున్నదో ఆటలో ఎవరూ చెప్పరు. బరువులు నెట్టే విద్య గల జీవితో దానిని జరిపితే కింద మ్యూ ఉంటుందని కథ.

ఊరి చివర పాడుగుడిలో లంకెబిందెలున్నవని, అమావాస్యనాడు వెళ్ళాలని, పాము కాపలా ఉంటుందని మన పల్లెలలో చెప్పుకునే కథకు దీనికి నిర్మాణంలో తేడా లేదు. చేరడం కష్టమైన చోటు, ఒకసారి తప్పితే మళ్ళీ రాని అవకాశం, నియమం తప్పితే ఫలించని ప్రయత్నం, చూచివచ్చిన ఎవరో దూరపు చుట్టం అన్నీ ఇందులో ఉన్నవి. పాఠాంతరాలకు కూడ లోటు లేదు. సుమారు 2004లో, నేను ఎనిమిదవ తరగతి చదువుతున్న రోజులలో, మా వీధి నెట్ సెంటరులో గంటకింత అని చెల్లించి కంప్యూటరు మీద ఈ ఆట నకలును ఆడేవాళ్ళం. గేమ్‌బాయ్ కొనగల స్థితి మాలో ఎవరికీ లేదు. పతకాలన్నీ గెలిచిన తరువాతనే లారీ కదులుతుందని నాకు చెప్పిన స్నేహితునికి, పట్టికలో 150 జీవులు నిండితేనే కదులుతుందని అతని అన్న చెప్పాడు. రెండు పద్ధతులూ ప్రయత్నించాను. లారీ కదలలేదు. అయినా పద్ధతిలోనే ఏదో పొరబాటు చేసి ఉంటాననుకున్నాను గాని కథ అబద్ధమనుకోలేదు.

ఈ నమ్మకాన్ని కేవలం అజ్ఞానమనడం తగదని ఇప్పుడు నాకు అర్థమవుతున్నది. జానపదాన్ని వింత వస్తువుల కొట్టుగా చూడక, కొన్ని ప్రజావర్గాలు లోకాన్ని అర్థం చేసుకునే దృక్పథంగా అధ్యయనం చేయాలని ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు గ్రాంసీ చెప్పాడు. ఆ దృష్టితో చూస్తే, లారీ కథ వెనుక ఒక తర్కం ఉన్నది. ఆటలో కనిపించే ప్రతి వస్తువుకు ప్రయోజనం ఉంటుంది. ప్రయోజనం లేని లారీ ఉన్నది. ఆటలో పేరు వినిపించే ప్రతి జీవి దొరుకుతుంది. దొరకని మ్యూ ఉన్నది. ఈ రెండు ఖాళీలను పిల్లలు ఒకదానితో ఒకటి పూరించారు. అంతేకాదు, వరం ఇచ్చేవారి దయ కోసం కాచుకోకుండా, కష్టపడినవానికి ఫలం దక్కే మార్గం ఆట లోపలే ఉండాలని వారు కోరారు. లాటరీ న్యాయానికి ఎదురుగా శ్రమ న్యాయాన్ని నిలబెట్టిన కథ అది. చోటు తప్పు. న్యాయం తప్పు కాదు.

6

అసలు మార్గం 2003 ప్రాంతంలో వెల్లడి అయింది. ఆటను నమిలి పిప్పి చేసిన సామాన్య ఆటగాళ్ళు దానిని కనుగొని, ఒకరికొకరు చెప్పుకుని, పరీక్షించి, స్థిరపరచారు. దాని పద్ధతి చిత్రమైనది. దారిలో నిలబడిన ఒక ప్రత్యర్థి మనలను చూచి పోటీకి పిలవబోయే క్షణంలోనే, ఎగిరిపోయే విద్యతో వేరే ఊరికి తప్పించుకోవాలి. పోటీ మొదలైందని ఆట లెక్క వేసుకుంటుంది, కాని పోటీ జరగలేదు. ఆ తరువాత స్లోపోక్ అనే మందకొడి జీవిని పెంచుకున్న ఒక కుర్రవానితో పోరాడి, మొదటి దారికి తిరిగి రావాలి. రాగానే ఏడవ స్థాయి మ్యూ ఎదురవుతుంది. దానిని నిజంగా పట్టుకోవచ్చు.

ఇది మంత్రం కాదు. గేమ్‌బాయ్‌లో జ్ఞాపకస్థలం స్వల్పం కనుక, ప్రోగ్రామర్లు ఒకే గదిని రెండు మూడు పనులకు వాడుకున్నారు. చివరి పోటీలో ప్రత్యర్థి జీవికి ఉన్న ఒక శక్తి విలువ ఏ గదిలో ఉన్నదో, సగంలో ఆగిన పోటీకి ఏ జీవి రావాలో చెప్పే సంఖ్యను కూడ ఆట అదే గదినుంచి చదువుతుంది. ఆ స్లోపోక్ శక్తి విలువ 21. ఆట లోపలి వరుసలో 21వ సంఖ్య మ్యూది. అంతే. పోటీ చేసే జీవిని మార్చితే, వేరే సంఖ్య వచ్చి వేరే జీవి ఎదురవుతుంది.

చోటు కొరత వలన మోరిమొతో మిగిలిన 300 బైట్లలో మ్యూను దాచవలసి వచ్చింది. అదే యంత్రపు చోటు కొరత వలన ఒక గది రెండు పనులు చేయవలసి వచ్చి, ఆ దాచిన మ్యూ బయటపడింది. దాచినదీ బయటపెట్టినదీ ఒకే భౌతిక పరిస్థితి. వస్తువు తన బంధనంలోనే తన విడుదలకు కారణాన్ని కలిగి ఉంటుందని గతితార్కికులు చెప్పినప్పుడు వినడానికి గంభీరంగా ఉంటుంది. ఇక్కడ దానిని చేతితో ముట్టి చూడవచ్చు. అయితే ఆ కారణం దానంతట అది పని చేయలేదు. ఏడేళ్ళపాటు అది ప్రతి కాట్రిడ్జిలోను నిద్రపోయింది. ఓపికతో, పరస్పర సహాయంతో, ప్రతి అబద్ధాన్ని పరీక్షించి పక్కనపెట్టిన అసంఖ్యాక ఆటగాళ్ళ ఉమ్మడి కృషి దానిని మేల్కొలిపింది. లారీని నెట్టి చూచి విఫలమైనవారు కూడ ఆ కృషిలో భాగస్వాములే. మ్యూ ఎక్కడ లేదో వారు నిరూపించారు.

7

ఈ చరిత్రకు కంపెనీ ఇచ్చిన ముగింపు వేరు. మ్యూ తరువాత, ఆట కొత్త తరాలలో మామూలుగా దొరకని జీవులను ముందే యోచించి పెట్టసాగారు. సెలబి, జిరాచి, డియోక్సిస్ అటువంటివే. జపానీ భాషలో వీటికి మబొరొషి అనే విశేషణం ఉన్నది. మాయవలె కనబడి మాయమయ్యేది అని దాని భావం. సినిమా టిక్కెట్టుతో ముడిపెట్టి ఇవ్వడం, ఒక తేదీనుంచి ఒక తేదీవరకే ఇవ్వడం ఆచారమైంది. ఒకనాడు పనివాని చిలిపితనం. తరువాత అమ్మకపు శాఖ వార్షిక కార్యక్రమం.

లారీ కథను కూడ వదలలేదు. 2004లో ఇదే ఆటను కొత్త హంగులతో తిరిగి విడుదల చేసినప్పుడు లారీ దగ్గర ఒక తినుబండారాన్ని దాచారు. వెదికినవారికి ఓదార్పు బహుమానం అన్నమాట. ఎవరికీ చెందని పిల్లల జానపదం ఆ విధంగా కంపెనీ ఆస్తిలో ఒక అలంకారమైంది. 2016లో పాత ఆటను కొత్త యంత్రాలపై యథాతథంగా విడుదల చేసినప్పుడు 2003నాటి మార్గం అందులో పనిచేసింది. కాని ఆ దారిన పట్టిన మ్యూను కొత్త ఆటలకు పంపబోతే తనిఖీలో ఆగిపోయేది. అధికారికంగా పంచిన మ్యూలపై ఉండే యజమాని పేరు, సంఖ్య దానిపై ఉంటేనే దాటనిచ్చే ఏర్పాటు అది. రక్తమాంసాలు ఒకటే, కాగితాలు లేవు. సరిహద్దు దగ్గర మనుష్యులకు జరిగేదే బొమ్మకూ జరిగింది. 2018లో వచ్చిన ఆటలో మ్యూ కావాలంటే బంతి ఆకారంలో ఉన్న ఒక ఉపకరణాన్ని కొనవలసి ఉండెను. మ్యూ అందులో వచ్చేది. అనుమతికి ఇప్పుడు ధరచీటీ కూడ అంటింది.

ఇంత జరిగినా కంపెనీ పూర్తిగా గెలిచిందనడానికి వీలు లేదు. తొలి కాట్రిడ్జిలు చెడకుండా ఉన్నంతకాలం వాటిలో ఆ దోషం ఉంటుంది. దానిని సరిదిద్దడానికి కంపెనీ చేయి వాటి లోపలికి చేరదు. మార్గం తెలిసిన ఎవరైనా తెలియనివానికి పైసా ఖర్చు లేకుండా నేర్పవచ్చు. చేతివ్రాత పత్రికలో కిటుకులు పంచిన 1983నాటి యువకుల సంప్రదాయం వారి కంపెనీలో కంటె ఈ ఆటగాళ్ళలో ఎక్కువగా నిలిచిందని నా అభిప్రాయం.

8

ఆ విద్యార్థిని ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పగలను. నేను మిథ్యా చైతన్యమన్నది రెండు అంశాల కలయిక. ఒకటి, దొరకనిదానికి విలువ ఎక్కువ అన్న అంగడి భ్రమ. దానిని మనం విమర్శించవలసిందే. రెండవది, డబ్బిచ్చి కొన్న వస్తువులో తమకు తెలియకుండా ఏదో మూసిపెట్టి ఉన్నదన్న పిల్లల అనుమానం. అది భ్రమ కాదు, జ్ఞానానికి మొదటి మెట్టు. ఈ రెంటినీ వేరుచేయకుండా ఒకే మాటతో కొట్టివేసిన నా పాఠం పైకి అభ్యుదయకరంగా కనిపించినా, పనిలో కంపెనీ మాటకు దగ్గరగానే ఉన్నది. లారీ కింద ఏమీ లేదు, వెదకవద్దు అన్నాను గదా!

కథ చెప్పేవారి మాట తప్పని తేలినప్పుడు, ఆ తప్పు ఏ నిజం చుట్టూ అల్లుకున్నదో వెదకడం జానపద విమర్శకుని పని. దొరల కోటలోని ధాన్యపు పాతరలను గూర్చిన కథకైనా, ఆటలోని లారీ కథకైనా ఇదే వర్తిస్తుంది. నేడు మన విద్యార్థుల చేతులలో ఉన్న ఫోన్లలో వారికి తెలియకుండా మూసి ఉన్న గదులు ఎన్నో ఉన్నవి. వాటిని గూర్చి వారి మధ్య పుకార్లు కూడ ఉన్నవి. వాటిని విని నవ్వడం తేలిక. కూర్చుని, వారితో కలిసి, ఏది అబద్ధమో ఏది నిజమో ఒక్కొక్కటిగా పరీక్షించడం కష్టం.

ఈ సంవత్సరం అదే పాఠం మళ్ళీ చెప్పవలసి వచ్చినప్పుడు నా ముగింపును వదలివేసి, ఆ అమ్మాయి ప్రశ్ననే తరగతి ముందు ఉంచాను. గంట కొట్టేవరకు చర్చ సాగింది. ఈసారి లారీ కథ విని ఎవరూ నవ్వలేదు.